ప్రశ్న యాభై ఎనిమిది

జూన్ 3, మంగళవారం

ఎనభై ఒకటో ఏట ఉద్యోగం నన్ను వెదుక్కుంటూ గుమ్మం దాకా వచ్చింది. నేను ఎవరినీ అడగలేదని ఇక్కడ రాసి ఉంచుకుంటున్నాను.

వచ్చినామె పేరు మెలే తౌఫా. జిల్లా కౌన్సిల్లో ఇంజనీరు. నలభై దగ్గర పడిన మనిషి, టోంగా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వద్దంటున్నా వినక గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలికి వచ్చి, "ఆంటీ" అని పిలిచింది. నేను ఎవరికీ ఆంటీని కానన్నాను.

"పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ చెంప పగలగొడుతుంది ఆంటీ. మీరు కోప్పడితే సర్దుకుంటాను గానీ, ఆవిడతో నేను పడలేను" అంది. కుర్చీ చూపించాను.

తర్రాబిన్ నదికి వరద హెచ్చరికలిచ్చే ప్రోగ్రామును 1984లో నేను రాశాను. పద్నాలుగు వేల పంక్తులు. అది ఇంతకాలమూ నడుస్తూనే ఉందట. ఇప్పుడు దానిని కొత్త కంప్యూటరు భాషలోకి తిరగరాస్తున్నారు. రాసేది మనుషులు కాదు, నాలుగు ఏజెంట్లు. ఒకటి నా కోడ్‌ను చదువుతుంది, ఒకటి అర్థం కానిదానిని అడుగుతుంది, ఒకటి కొత్తది రాస్తుంది, ఒకటి పరీక్షిస్తుంది. నాలుగింటి వెనకా ఉన్నది మాట్లాడడం నేర్చిన ఒకే యంత్రమని మెలే చెప్పింది. ఆఫీసు మారినప్పుడు ప్రోగ్రాము గురించిన పాత కాగితాలన్నీ పోయాయి. అడగడానికి మిగిలిన కాగితాన్ని నేను.

"కోడ్ ఒకటి చెప్పి మీరు ఒకటి చెబితే మీ మాటే చెల్లుతుంది. వాటికి అలాగే చెప్పి పెట్టాను" అంది వెళుతూ.

నా మాటే చెల్లుతుంది. ఈ ఊళ్ళో ఆ వాక్యం వినడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

జూన్ 4

ముప్పై ఒక్క ప్రశ్నలు వచ్చాయి. తెర మీద ఒకదాని కింద ఒకటిగా, మర్యాదగా నిలబడి ఉన్నాయి. నేను జవాబు టైపు చేయగానే కృతజ్ఞత చెప్పి, అర్థమైనదానిని తన మాటలలో తిరిగి అప్పజెబుతుంది. నా చేతికింద పనిచేసిన మగపిల్లలలో ఆ అలవాటు ఒక్కడికైనా ఉండి ఉంటే బాగుండేది.

ప్రశ్న 19: "'కూకా' అనే పేరున ఉన్న విలువ దేనిని సూచిస్తుంది?" అది మా అధికారి నవ్వు. కూకబర్రా పిట్టలా నవ్వేవాడు, నమ్మరాని అంకెలు చెప్పేవాడు. అందుకే నమ్మకం లేని కొలతలు నిలవ ఉండే చోటుకు ఆ పేరు పెట్టాను. అదే రాశాను. "ధన్యవాదాలు. ఈ నవ్వు ప్రోగ్రాము పనితీరుపై ప్రభావం చూపదని నమోదు చేశాను" అని జవాబు వచ్చింది. చాలాసేపు నవ్వాను.

జూన్ 5, గురువారం

డల్సీ ట్రెల్లోర్ పేకాటకు వచ్చింది. ఎదురింట్లోకి వచ్చి చేరిన నాటి నుంచి ఒక్క గురువారమూ మానలేదు.

"ఏమే, మరమనిషితో కాపురం పెట్టావటగా? ఊరంతా చెప్పుకుంటున్నారు."

"కాపురం కాదు, ట్యూషను."

"పోనీలే, ఎదురు చెప్పడు, గురక పెట్టడు. నాకూ ఒకణ్ణి చూడు."

రెండో ఆటలో ఉన్నట్టుండి చెప్పింది. క్లెమ్‌కు పక్షవాతం వచ్చిందట. కొండ మీది వృద్ధాశ్రమంలో చేర్చారట. ఒక వైపు మూతి వంకరపోయిందట కానీ మాట ఉందట. చెప్పి, "నీ వంతు" అంది.

ఎందుకు రాస్తున్నానో తెలియదు, ఆమె తలచుకున్నది కాబట్టి రాస్తున్నాను. డల్సీ అన్న లెస్ చనిపోయింది 1988 మార్చి 13, ఆదివారం ఉదయం. ఫెర్రీ రోడ్డులో పడవల షెడ్డు మీదకు నది వచ్చేసింది. పక్కనే కారవాన్‌లో ఉంటున్న ముసలాయనా పోయాడు. కౌన్సిల్ గదిలో తెర ముందు డ్యూటీలో ఉన్నది డల్సీ భర్త క్లెమ్. హెచ్చరిక ఇవ్వలేదు. అతను తన చేత్తో రాసిన పుస్తకంలో ఏడింటికి 6.41 మీటర్లు, ఎనిమిదింటికి 6.41, తొమ్మిదింటికి 6.41, పదింటికి 6.41 అని ఉంది. పదింటికి నది తొమ్మిది మీటర్లు దాటింది. తెర వంక చూడకుండా పై అంకెనే కిందికి దింపేశాడని విచారణలో తేల్చారు. చూశానని అతను చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది. ఆ ఏడాది చివరకు డల్సీ కూడా వదిలి వచ్చేసింది.

విచారణలో నేనూ సాక్ష్యం చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పాను.

జూన్ 9

నమ్మరాని కొలతలను ఏరేసే నా వడపోత పద్ధతిని మెరుగుపరచవలసిన అవసరం కనిపించలేదని పరీక్షించే ఏజెంటు రాసింది. నలభై ఒక్క సంవత్సరాల తర్వాత! కాలేజీలో గణితం గదిలో నేనొక్కతినే ఆడపిల్లను. వెనక బల్లల మీంచి కాగితపు ఉండలు విసిరినవాళ్ళందరికీ ఈ వాక్యం చదివి వినిపించాలనిపించింది. చాలామంది పోయారు.

జూన్ 11

ప్రశ్న 58. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"నీటిమట్టం కొలిచే గేజీ నుంచి సంకేతం ఆగిపోతే ప్రోగ్రాము చివరి కొలతనే తెర మీద చూపుతూ ఉంటుంది. 1988 మార్చి 31 నాటి మార్పులో దీనికి ఇరవై నిమిషాల హద్దు చేర్చారు. హద్దు దాటితే 'కొలత లేదు' అని చూపి గంట మోగిస్తుంది. మార్పు చేసినవారు: ఇ.పి. ఈ మార్పునకు కారణమేమిటి? అంతకు ముందు హద్దు ఎందుకు లేదు?"

ఇ.పి. అంటే ఎనిడ్ పాస్కో. కోడ్‌లో చేయి పెట్టిన ప్రతివారూ తమ పొడి అక్షరాలూ తేదీ రాసి తీరాలన్న నియమాన్ని ఆఫీసులో పెట్టింది నేనే. రాయని కుర్రవాళ్ళను నిలబెట్టి చీవాట్లు పెట్టాను.

59 నుంచి 77 వరకు జవాబులు రాశాను.

జూన్ 12

వాన. డల్సీకి జలుబు, పేకాట లేదు. 58 అలాగే ఉంది.

జూన్ 13

మెలే ఫోను చేసింది. 58 తేలనిదే కొత్తది రాసే ఏజెంటు ఆ భాగం ముట్టుకోదట.

"మీకు గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయండి ఆంటీ. తప్పేం లేదు."

గుర్తు లేకపోవడమా! నా కోడ్ నాకు గుర్తు లేదని నా నోటితో నేను అనాలా? ఫోను పెట్టేసి వెంటనే రాశాను: "మామూలు సర్దుబాటు. కార్యాచరణ పరమైన కారణమేదీ లేదు."

సర్దుబాటు అన్న మాట అబద్ధం కాదు. సరిగా లేనిదానిని సరిచేయడమే సర్దుబాటు.

"ధన్యవాదాలు. కర్త చెప్పిన ప్రకారం ఈ మార్పునకు కార్యాచరణ కారణం లేదని నమోదు చేశాను." ప్రశ్న ఆకుపచ్చగా మారి, జాబితాలోంచి మాయమైంది. సాయంత్రం తోటలో చెట్లు కత్తిరించాను. చేయవలసినదానికంటే ఎక్కువ కత్తిరించాను.

జూన్ 17

మెలే కొత్త ప్రోగ్రాము నకలూ దాని మీద ఏజెంట్ల నివేదికా పట్టుకుని వచ్చింది. గుమ్మడికాయ స్కోన్లు చేశాను, మూడు తిన్నది. మంచి మనిషి. నివేదికలో 'కర్త ధ్రువీకరించారు' అన్న మాట చాలాచోట్ల ఉంది. నేను 58కి రాసిన ఒక్క వాక్యమే నాలుగు చోట్ల కనిపించింది. చదివే ఏజెంటు రాసిందాన్ని రాసే ఏజెంటు ఆధారంగా చూపించింది, దాన్ని పరీక్షించే ఏజెంటు చూపించింది, అన్నిటినీ నివేదిక చూపించింది. ఒకరి మాట ఒకరు పట్టుకుని నాలుగు సాక్ష్యాలైనాయి. మూలం చూస్తే నేనొక్కతినే.

ఇరవై నిమిషాల హద్దు కొత్త ప్రోగ్రాములో లేదు.

"ఇది ఏమైంది?" అన్నాను.

"ఏజెంటు తీసేసింది ఆంటీ. కారణం లేని నియమం ఏదీ కొత్తదానిలోకి రాకూడదని నేనే చెప్పాను. మీరేమో కారణం లేదన్నారు. పదకొండు పంక్తులు కలిసొచ్చాయి."

"పరీక్షల్లో పట్టుకోలేదా?"

"కారణం లేనిదానికి పరీక్ష ఎందుకు రాస్తుంది?" అని నవ్వి, నాలుగో స్కోను వైపు చూసింది. "జూలై ఒకటిన ఎక్కిస్తున్నాం. తూర్పు తీరం తుపాను వచ్చే రోజులు కదా, త్వరపడమంటున్నారు."

స్కోను కాగితంలో చుట్టి ఇచ్చాను.

జూన్ 18

హద్దును తిరిగి పెట్టమని రాశాను. కారణం: "ఇది మంచి పద్ధతి."

జవాబు: "మీ సూచన స్వీకరించాను. జూన్ 13 నాటి జవాబుకూ దీనికీ తేడా ఉంది కనుక పర్యవేక్షకురాలికి తెలియజేస్తున్నాను. భద్రతా నియమానికి ఒక పరీక్ష కావాలి. సంకేతం ఆగిపోయిన నిజమైన సందర్భాన్ని గేజీ సంకేతాలు నమోదైన పాత టేపులలో వెదుకుతున్నాను."

వెదకమని నేను అడగలేదు.

జూన్ 19, గురువారం

డల్సీ వచ్చింది, జలుబు తగ్గింది. రెండు ఆటలు ఓడిపోయాను.

"ధ్యాసెక్కడుందే నీకు? నీ మరమనిషి అలిగాడా?"

"వాన వల్ల కీళ్ళు."

"కీళ్ళకీ పేకముక్కలకీ ఏంటే సంబంధం! విను. కొండ మీంచి నర్సు ఫోన్ చేసింది. క్లెమ్ నన్ను చూడాలంటున్నాట్ట."

"వెళతావా?"

"ఏం మొహం పెట్టుకుని అడుగుతున్నాడు? చూడలేదు డల్సీ, నిద్రపోయాను, తాగాను, ఏదో ఒకటి, తప్పయిపోయింది అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అంటే ఆనాడే క్షమించేసుందును. మా అన్న నీళ్ళల్లో పోయాడు, ఈయనేమో ముప్పై ఏడేళ్ళు అదే పాట, చూశాను చూశాను అని. చూసినోడు చెప్పడూ? తప్పు చేశాడని కాదే నేనొచ్చేసింది, అబద్ధమాడుతున్నాడని." ముక్కు తుడుచుకుంది. "పంచు."

పంచాను.

జూన్ 20

మెలే ఇవాళ నవ్వలేదు. బూట్లు విప్పి, కంప్యూటరు బల్ల మీద పెట్టి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏజెంటుకు టేపు దొరికింది ఆంటీ. ఎనభై ఎనిమిది మార్చి. మీ పాత ప్రోగ్రాము రెండు రూపాల్నీ, హద్దు ముందుదీ తర్వాతదీ, ఆ రోజు సంకేతాలతో నడిపించింది. చూడండి."

ఎగువ వంతెన దగ్గర గేజీ గుడిసె నుంచి సంకేతం ఉదయం 6.50కి ఆగిపోయింది. ఆ నిమిషానికి గుడిసె కొట్టుకుపోయి ఉంటుంది. ఆ తర్వాత హద్దు లేని ప్రోగ్రాము తెర మీద చూపినది:

6.41
6.41
6.41
6.41

పదిన్నర దాకా అంతే. ఆ ఆదివారం క్లెమ్ ఎదురుగా ఉన్న తెర అది.

"విచారణ కాగితాలు పక్కనే ఉన్నాయి, చదివాను" అంది మెలే. "ఆయన పుస్తకంలో రాసిందీ ఇదే." తెర మీది తేదీ దగ్గర వేలు పెట్టింది. "హద్దు మీరు పెట్టింది మార్చిలో. విచారణ ఆగస్టులో."

"నాకు గుర్తు లేదు" అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. నా మనవరాలి వయసు లేదు, కూతురి వయసు ఉంటుంది. "సోమవారం సాయంత్రం దాకా జవాబు మార్చుకోవచ్చు ఆంటీ. తర్వాత నేను సంతకం పెట్టేస్తాను. నేనేం రాయను. మీరు రాసిందే ఉంటుంది." కాగితం మీద ఆ అంకెల వరసను ముద్రించి బల్ల మీద పెట్టి వెళ్ళింది. టీ ముట్టుకోలేదు.

జూన్ 21

ఎవరీ మనిషి? నిన్నగాక మొన్న వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా తేదీలు నాకే చదివి వినిపిస్తుందా? ఆ రోజుల్లో అన్ని చోట్లా అలాగే రాసేవారు. సంకేతం కాస్త తడబడితే చివరి కొలతను పట్టి ఉంచడం అందరూ చేసిన పనే. ఆ రేడియోలు గాలికి కూడా ఆగిపోయేవి. ఆగిన ప్రతిసారీ గంట మోగితే డ్యూటీలో ఉన్నవాడు గంటనే పీకేసేవాడు. గుడిసే కొట్టుకుపోతుందని ఎవరు ఊహించారు? అది తప్పు కాదు, నిర్ణయం. ఎవరైనా అలాంటి నిర్ణయమే తీసుకునేవారు.

ఇదంతా నిజమే. మార్చి 13 వరకు.

జూన్ 22, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇన్నాళ్ళూ ఇందులో కూడా రాయలేదు.

వరద తగ్గిన రెండు వారాలకు టేపు తెప్పించుకుని చదివాను. ఆ టేపును చదవగలిగినది జిల్లా మొత్తంలో నేనొక్కతినే. 6.50 తర్వాత శూన్యం. క్లెమ్ పుస్తకం అప్పటికే ఊరంతా నవ్వులపాలైంది. నాకు పది నిమిషాలలో అర్థమైంది. మార్చి 31న పదకొండు పంక్తులు చేర్చి, పొడి అక్షరాలు రాసి, టేపును పెట్టెలో తిరిగి పెట్టాను. ఆ అక్షరాలు ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. నియమం కదా అని రాశాను.

ఆగస్టులో విచారణలో అడిగారు: "మిసెస్ పాస్కో, తెర ఏమి చూపుతుంది?" "గేజీ పంపినదే తెర చూపుతుంది" అన్నాను. గేజీ ఏమీ పంపకపోతే ఏమి చూపుతుందని ఎవరూ అడగలేదు. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఒక యంత్రం అడిగింది.

ఆ గదిలో పదకొండుమంది మగవాళ్ళు ఉన్నారు. నేను పొరపాటు చేసే రోజు కోసం నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నవాళ్ళు. నేను పడితే నా వెనక వచ్చే ఆడపిల్లలందరూ పడతారని నాకు నేను చెప్పుకున్నాను. బాగా చెప్పుకున్నాను. నా వెనక ఎవరూ రాలేదు. క్లెమ్ మెట్ల మీద నిలబడి, "చూశానండీ, దేవుడి మీద ఒట్టు, చూశాను" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు. నేను అతని పక్కనుంచి దిగి వెళ్ళాను.

తర్వాతి సంవత్సరం డల్సీ ఎదురింట్లోకి వచ్చింది. ఆమెకు తోడుగా ఉండడం నా మంచితనమని నమ్మాను.

జూన్ 23, సోమవారం

కొండ మీదికి వెళ్ళాను. కాగితం సంచిలో పెట్టుకున్నాను.

క్లెమ్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. నన్ను గుర్తుపట్టాడు. "ప్రొఫెసరమ్మ వచ్చిందే" అన్నాడు, సగం నోటితో. ఆఫీసులో నన్ను అందరూ వెనక అలా పిలిచేవారు, అతను మాత్రం ఎదురుగానే పిలిచేవాడు.

కాగితం అతని ఒడిలో పెట్టాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని తెలుసు. గుడిసె, సంకేతం, చివరి కొలత, నేను చేసిన మార్పు, దాని తేదీ. అతను బాగున్న చేతి వేలితో అంకెల మీదుగా కిందికి వచ్చాడు.

"ఆరు నలభై ఒకటి" అన్నాడు. "ఆరు నలభై ఒకటి. ఆరు నలభై ఒకటి."

"నన్ను క్షమించు" అన్నాను. ఆ మాట ఎంత చవకగా వినిపించిందో!

"నాకెందుకు చెప్తున్నావ్ ప్రొఫెసరమ్మా? చూశానని నాకు తెలుసుగా. నాకు తెలియంది ఏముంది ఇందులో?" ఊపిరి తీసుకున్నాడు. "డల్సీకి చెప్పావా?"

"లేదు."

"ముందు ఆవిడకి చెప్పాలి. నా దగ్గరికి ఎందుకొచ్చావ్? నేనైతే తిట్టనని వచ్చావ్. తెలివైనదానివి." నవ్వాడో, మూతి వంకరో తెలియలేదు. "ఇవాళే చెప్పు. చెప్పి పంపించు. చూడు, ఈ నోరు ఎన్నాళ్ళుంటుందో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆవిడతో నాకు రెండు మాటలున్నాయి. ఇవాళే."

ఇవాళే అని చెప్పి వచ్చాను.

ఇంటికి వచ్చి ముందు 58కి జవాబు రాశాను. మెలే గడువు సాయంత్రం వరకే కదా. దాచకుండా అంతా రాశాను: తప్పు నాది, తెలిసి దాచాను, మార్చి 31 నాటి మార్పు అందుకే, విచారణలో నా సాక్ష్యం సత్యాన్ని కప్పింది, క్లెమెంట్ ట్రెల్లోర్ తెర చూశాడు.

"ధన్యవాదాలు. ఈ జవాబు జూన్ 13 నాటి జవాబును రద్దు చేస్తుంది. నాలుగు చోట్ల సరిచేశాను. హద్దును తిరిగి చేర్చాను. 1988 మార్చి టేపును శాశ్వత పరీక్షగా ఉంచాను." మొత్తం పదకొండు సెకన్లు పట్టింది.

అది ముగిసేసరికి అయిదు దాటింది. డల్సీ ఇంట్లో దీపం ఉంది. చెల్లెలి కూతురు వచ్చినట్టుంది, గుమ్మంలో కారు ఉంది. అందరి ముందూ చెప్పవలసిన మాట కాదు.

జూన్ 24

వాన విపరీతంగా ఉంది. కారు ఇంకా ఉంది. మెలే రెండు ముక్కలు రాసింది: "సంతకం పెట్టాను ఆంటీ. నివేదిక కౌన్సిల్ ముందుకు వెళుతుంది. ఆ కుటుంబానికి అధికారులకంటే ముందు మీరు చెబితే బాగుంటుంది."

నాకు తెలుసు.

జూన్ 25

కారు వెళ్ళిపోయింది. కానీ రేపు గురువారం. డల్సీ ఎలాగూ వస్తుంది. ఇలాంటివి హడావుడిగా, తడి గొడుగుతో గుమ్మంలో నిలబడి చెప్పేవి కావు. తీరుబడిగా, కూర్చోబెట్టి చెప్పాలి. ఒక్క రోజులో ఏమవుతుంది?

జూన్ 26, గురువారం

రెండింటికి వచ్చింది. పేకముక్కలు తీయబోతుంటే ఆపి కాగితం ముందు పెట్టి చెప్పాను.

మొదట ఆమెకు అర్థం కాలేదు. "అంటే యంత్రం పాడైందా?"

"పాడవలేదు. నేను రాసినట్టే పనిచేసింది."

"అంటే ఆయన చూశాడా?"

"చూశాడు."

"చూశాడా?" కాగితం దగ్గరికి లాక్కుంది. "నీకెప్పుడు తెలుసు?"

"ఆ మార్చిలోనే."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. "వారం వారం నా చేత ముక్కలు పంచించుకున్నావు. నా చేతి సూపు తాగావు. మా అన్న వర్ధంతి నాడు నా పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నావు. నేనాయన్ని తిడుతుంటే వింటూ కూర్చున్నావు కదే. నోట్లో బిస్కెట్ పెట్టుకుని విన్నావు." లేచి కోటు తొడుక్కుంది. "ఆయనకి చెప్పావా?"

"సోమవారం చెప్పాను. నీకు అదే రోజు చెప్పమన్నాడు."

"ఇవాళ గురువారం."

కారు తీస్తానన్నాను. నా వంక చూడనైనా చూడలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, చేతికర్రతో, వానలో, కొండ దారి పట్టింది. ఆ దారికి కాలిబాట లేదు. నేను కారు తీసి ఆమె వెనకే నడక వేగంతో, దీపాలన్నీ వేసుకుని, వెనక నుంచి వచ్చే బండ్లు ఆమెకు తగలకుండా వెళ్ళాను. రెండు కిలోమీటర్లు. రెండుసార్లు తూలింది. రెండుసార్లూ బ్రేకు వేసి తలుపు తీశాను. తిరిగి చూడకుండా కర్ర పైకెత్తి వద్దన్నది.

క్లెమ్‌కు నిన్న సాయంత్రం మళ్ళీ పక్షవాతం వచ్చిందట. మాట పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వినబడుతుందో లేదో చెప్పలేమని నర్సు అన్నది. డల్సీ లోపల ఒక గంట ఉన్నది. నేను వరండాలో బెంచీ మీద ఉన్నాను. బయటకు వచ్చి, నా ముందు ఆగింది. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నాతో ఏవో రెండు మాటలు చెప్పాలన్నాడటగా, నర్సు చెప్పింది. ఏంటవి?"

"నాకు చెప్పలేదు డల్సీ."

"మొన్న వచ్చినా చెప్పేవాడు. నిన్న మధ్యాహ్నం వచ్చినా చెప్పేవాడు." కర్రతో నేల మీద ఒకసారి కొట్టింది. "రేపు పదింటికి రా. ఆ మిషనుకి ఏం రాశావో ఆ కాగితం పట్టుకురా."

జూన్ 27

పదింటికి వెళ్ళాను. డల్సీ మంచానికి అటువైపు కుర్చీలో క్లెమ్ చెయ్యి పట్టుకుని ఉంది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది. నాకు కుర్చీ వేయలేదు.

"చదువు. ఆయన చెవి దగ్గర. గట్టిగా."

58కి నేను రాసిన జవాబును మొదటి నుంచి చదివాను. తేదీలు, నా పేరు, టేపు, విచారణ, అతని పేరు. నర్సు గుమ్మంలో ఆగి వినసాగింది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. క్లెమ్ కళ్ళు పైకప్పు మీదనే ఉన్నాయి. డల్సీ అతని మొహాన్నే చూస్తోంది. నేను ముగించాను. ఏమీ కదలలేదు.

"మళ్ళీ" అంది.

మళ్ళీ చదివాను. 'తెర చూశాడు' అన్న చోట ఆగమంది, ఆగాను. అతని కళ్ళకేసి వంగి చూసింది.

"మళ్ళీ."

నాలుగోసారికి నా గొంతు పోయింది. బల్ల మీద నీళ్ళ కూజా ఆమె చేతికి అందేంత దగ్గరలో ఉంది. అందివ్వలేదు. నేను అడగలేదు.

"మళ్ళీ" అంది డల్సీ.